ప్రశ్న మీది, జవాబు నాది: లండన్ వేసవిలో నిలబడ్డవాళ్లకే ముందు వరస

ఏప్రిల్ వస్తే చాలు, నాకు వచ్చే ఉత్తరాలన్నీ ఒకే పాట పాడతాయి. మిగతా ఏడాదంతా వీసాలు, అద్దెలు, చలికోట్ల గురించి అడిగేవాళ్లు ఇప్పుడు మాత్రం "అమ్మానాన్నలు వస్తున్నారు, ఏం చూపించాలి?" అంటారు. టవర్ బ్రిడ్జి, లండన్ ఐ గురించి నేను చెప్పనక్కర్లేదు. ఈసారి పాట, నాటకం, బొమ్మ, శిల్పం గురించి అడిగినవాళ్లకే జవాబులు రాస్తున్నాను. 1998 నుంచి ఈ ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి లండన్ వరకే నా మాట. మాంచెస్టర్ వాళ్లు, ఎడిన్‌బరో వాళ్లు కోప్పడకండి.

*మేమిద్దరం రిటైరైన టీచర్లం. జూన్ నుంచి ఆగస్టు వరకు లండన్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటాం. కొడుకూ కోడలూ పొద్దున వెళ్తే రాత్రి ఏడింటికి గానీ రారు. ప్రతిదానికీ వాళ్లను డబ్బులు అడగడం మాకు ఇష్టం లేదు. మా అంతట మేమే వెళ్లి చూడగలిగినవి చెప్పండి.* (ఒక పాఠకురాలు, తెనాలి)

మొదట ఒక మంచి మాట. జూన్ చివర్లో ఇక్కడ సూర్యుడు రాత్రి 9:20కి గానీ అస్తమించడు. అంటే అబ్బాయి ఏడింటికి ఇంటికొచ్చాక కూడా రెండు గంటల వెలుగు మిగిలే ఉంటుంది. చీకటి పడుతుందేమో, దారి తప్పుతామేమో అన్న టెన్షన్ పెట్టుకోకండి.

రెండో మాట. పెద్ద మ్యూజియాలు ఇక్కడ ఉచితం. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, మూడింటికీ టికెట్ లేదు. ప్రత్యేక ప్రదర్శనలకు మాత్రం డబ్బులు తీసుకుంటారు. శుక్రవారం ఈ మూడూ ఆలస్యంగా మూస్తారు. బ్రిటిష్ మ్యూజియం రాత్రి 8:30కి, నేషనల్ గ్యాలరీ 9కి, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ 10కి. పగలు స్కూలు పిల్లల గుంపులు, టూరు బస్సుల జనం. శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక వెళ్తే అదే మ్యూజియం సొంత ఇల్లులా ఉంటుంది.

మీరు తెనాలి వాళ్లు కాబట్టి ముందు ఎక్కడికి వెళ్లాలో నేనే చెప్తాను. బ్రిటిష్ మ్యూజియం, 33ఏ నంబరు గది. అక్కడున్నవి మన అమరావతి రాళ్లు.

నా చిన్నప్పుడు శివరాత్రికి అమరేశ్వరుడి గుడికి వెళ్లినప్పుడల్లా మా నాన్న పక్కనున్న దిబ్బను చూపించి "దీపాలదిన్నె" అనేవాడు. దాన్ని చూసి ఇందులో ఏముంది అనుకునేదాన్ని. ఏమీ లేకపోవడానికి కారణం ఇక్కడికొచ్చాక తెలిసింది. ఆ దిబ్బ ఒకప్పటి బౌద్ధ స్తూపం. కాలిన్ మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మొదటిసారి దాన్ని చూసినది 1790ల చివర్లో. అప్పటికే అక్కడి రాళ్లను జనం ఇళ్లకూ మెట్లకూ వాడుకుంటున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే అధికారి తవ్వించి చాలా శిల్పాలను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి ఎండలో, వానలో ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. 1859లో వాటిలో వందకు పైగా ఓడెక్కించి లండన్ తెచ్చారు. మిగతావి ఇప్పటికీ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి.

అవి పల్నాడు సున్నపురాళ్లు, కొంచెం ఆకుపచ్చగా కనిపిస్తాయి. అద్దం వెనక, చల్లదనం లెక్కగా పెట్టిన గదిలో వరసగా నిలబెట్టారు. అన్నీ చూడాలని హడావిడి పడకండి, రెండు రాళ్లు చాలు. ఒకటి, రెండు వైపులా చెక్కిన పలక. ఒక వైపు క్రీస్తు పూర్వం చెక్కింది: బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన మనుషులు. బుద్ధుడి బొమ్మ ఉండదు, ఎందుకంటే అప్పటికి ఆయన్ని మనిషి రూపంలో చెక్కే అలవాటు రాలేదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి రెండో వైపు మొత్తం స్తూపాన్నే చెక్కారు. అప్పటి అమరావతి స్తూపం ఎలా ఉండేదో మనకు తెలుస్తున్నది చాలావరకు ఇలాంటి పలకల వల్లే. రెండోది పూర్ణఘటం, పూలతో నిండిన కుండ. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్న కుండకు అక్కలాంటిది.

ఉత్తరం వైపు, మాంటేగ్ ప్లేస్ గేటులోంచి వెళ్తే ఆ గది దగ్గర. ముందు గేటులోంచి వెళ్తే ఈజిప్టు మమ్మీల జనంలో ఇరుక్కుంటారు. ఆ గది అప్పుడప్పుడు మూసి ఉంటుంది. బయల్దేరేముందు అబ్బాయి చేత మ్యూజియం వెబ్‌సైట్ చూపించుకోండి, ఉచిత ప్రవేశానికి టైము కూడా అక్కడే బుక్ చేయించుకోండి.

రైలు కంటే బస్సు ఎక్కండి. ఈ మధ్య ఏళ్లలో ఒక్కసారికి 1.75 పౌండ్లు. మొదటి బస్సు ఎక్కిన గంట లోపల ఎన్ని బస్సులు మారినా అంతే. డ్రైవరు నోట్లూ చిల్లరా తీసుకోడు, కార్డు ఆనించాలి. ఇద్దరికీ ఒకే కార్డు పనికిరాదు, ఎవరి కార్డు వాళ్లకుండాలి. మావారు కార్డులొచ్చిన మొదటి వారం ఈ సంగతి తెలియక ఇద్దరికీ ఒకే కార్డు రెండుసార్లు ఆనించి, "మిషను పాడైంది" అని డ్రైవరుతో వాదించారు.

*నేను ఇక్కడ ఎంఎస్సీ చేస్తున్నాను. వేసవిలో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ప్రామ్స్ అని సంగీత కచేరీలు జరుగుతాయట. మన బాహుబలిని ఆర్కెస్ట్రాతో వేసిన హాలు అదేనా? పాశ్చాత్య సంగీతం నాకు అసలు తెలియదు. సూటు వేసుకోవాలా? టికెట్లు నాలాంటివాళ్లు కొనగలరా?* (ఒక విద్యార్థి, లండన్)

అదే హాలు బాబూ. 2019 అక్టోబరులో బాహుబలి మొదటి భాగాన్ని తెర మీద వేసి, సంగీతం మొత్తం ఆర్కెస్ట్రా అక్కడికక్కడే వాయించింది. నేను పై వరసలో ఉన్నాను. ఆ ఈలలకు టికెట్లు చూసే అమ్మాయి మొదట బెదిరి, తర్వాత తానే నవ్వడం మొదలెట్టింది. కానీ అది ప్రామ్స్ కాదు. ప్రామ్స్ జులై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా, దాదాపు ఎనిమిది వారాలు, రోజూ సాయంత్రం ఉంటాయి.

సూటు అక్కర్లేదు. జీన్సు, టీషర్టు చాలు. టికెట్ సంగతే ముఖ్యం. కుర్చీలకు రేటు ఎక్కువ. కానీ వేదిక ముందున్న అరీనాలోనూ పైకప్పు కింద ఉన్న గ్యాలరీలోనూ కుర్చీలు ఉండవు, నిలబడి వినాలి. ఈ మధ్య ఏళ్లలో ఆ నిలబడే టికెట్ 8 పౌండ్లు. ఎక్కువ భాగం ఏ రోజువి ఆ రోజు పొద్దున ఆన్‌లైన్‌లో పెడతారు. వంద పౌండ్లు పెట్టి కొన్నవాడు వెనకెక్కడో కూర్చుంటే, 8 పౌండ్లవాడు వయొలిన్ వాయించేవాళ్ల వేళ్లు లెక్కపెట్టేంత దగ్గర్లో నిలబడతాడు. ఈ న్యాయం నాకు చాలా నచ్చుతుంది.

ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1895లో రాబర్ట్ న్యూమన్ అనే మేనేజరు, ఆర్కెస్ట్రాను నడిపించే హెన్రీ వుడ్ అనే కండక్టరు కలిసి క్వీన్స్ హాల్‌లో మొదలుపెట్టారు. మామూలు జనానికి మంచి సంగీతం అలవాటు చేయాలన్నది వాళ్ల పట్టుదల. అప్పుడు టికెట్ ఒక షిల్లింగు. తింటూ, తాగుతూ, అటూ ఇటూ తిరుగుతూ వినేవాళ్లు. "ప్రామ్" అంటే ఆ తిరగడమే. 1941 మేలో జర్మన్ బాంబులకు క్వీన్స్ హాల్ కాలిపోతే కచేరీలు ఆల్బర్ట్ హాల్‌కు వచ్చాయి.

ఆల్బర్ట్ హాల్‌కీ ఒక కథ ఉంది. 1871లో తెరిచిన రోజు నుంచీ అందులో ప్రతిధ్వని. గుండ్రటి గోపురం కదా, ప్రతి స్వరం రెండుసార్లు వినిపించేది. కొత్త బాణీ కట్టినవాడు దాన్ని రెండోసారి వినాలంటే ఈ ఒక్క హాలే గతి అని జోకు వేసుకునేవాళ్లు. దాదాపు వందేళ్లు అలాగే భరించి, 1969లో పైకప్పు నుంచి ఫైబర్‌గ్లాస్ పళ్లాలు వేలాడదీశారు. తల ఎత్తితే పుట్టగొడుగులు తలకిందులుగా మొలిచినట్టు కనిపిస్తాయి. అందరూ వాటిని పుట్టగొడుగులనే అంటారు.

సంగీతం తెలియదన్నావు. నాకూ తెలిసేది కాదు. 2001లో ఆఫీసులో పక్క సీటావిడ లాక్కెళ్తే మొదటిసారి వెళ్లాను. మొదటి భాగం అయిపోగానే గట్టిగా చప్పట్లు కొట్టాను. కొట్టింది నేనొక్కదాన్నే! ఒక కృతిలో మూడు నాలుగు భాగాలుంటాయి, అన్నీ అయ్యాకే చప్పట్లు కొట్టాలట. మన కచేరీలో మధ్యలో "భళా" అంటే విద్వాంసుడికి ఉత్సాహం వస్తుంది, వీళ్లకు మౌనం కావాలి. ఎవరి పద్ధతి వాళ్లది. పక్కనున్న ముసలాయన నా వైపు చూసి నవ్వి, రెండో భాగం అయ్యాక కావాలని తానూ రెండు చప్పట్లు కొట్టాడు, నాకు తోడుగా.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే సింఫనీలతోనే నిండిన రోజు కాకుండా, పియానోగానీ వయొలిన్‌గానీ ఒక్కరు ముందుండి వాయించే కాన్‌చెర్టో ఉన్న రోజు చూసుకో. ఒక మనిషి మీద చూపు పెట్టుకుంటే దారి దొరుకుతుంది. ముందు రోజు ఆ కృతిని ఫోన్‌లో రెండుసార్లు విను. పరీక్షకు చదివినట్టు కాదు, అన్నం వండుకుంటూ విను చాలు. బీబీసీ రేడియో 3లో కచేరీలన్నీ లైవ్‌గా వస్తాయి కాబట్టి నచ్చుతుందో లేదో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు కూడా.

వేదిక మీద పియానో మూత ఎత్తేటప్పుడు మాత్రం చెవులు రిక్కించు. కింద అరీనా వాళ్లు "హీవ్" అని అరుస్తారు, పైన గ్యాలరీ వాళ్లు "హో" అంటారు. మన హైలెస్సానే! నిలబడే జనానికి ఆ హాలు మీద ఎంత హక్కుందో అప్పుడు తెలుస్తుంది. కాళ్లు లాగితే గ్యాలరీకి వెళ్లు. అక్కడ ఒకళ్లిద్దరు నేల మీద కూర్చుని, పడుకుని కూడా వింటుంటారు. 9 లేదా 52 నంబరు బస్సు హాలు ముందే ఆగుతుంది.

*షేక్‌స్పియర్ నాటకాలు గ్లోబ్ అనే థియేటర్‌లో వేస్తారని మా అమ్మాయి టికెట్ తీస్తానంటోంది. నేను డిగ్రీలో చదివినదే తప్ప ఆ ఇంగ్లిషు నాకు అర్థం కాదు. డబ్బులు దండగ కాదా?* (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

మాస్టారూ, మీ ఊళ్లో పద్యనాటకం చూసేవాళ్లందరికీ ప్రతి పద్యం ప్రతిపదార్థంతో అర్థమయ్యేదా? రాగం తీస్తుంటే "వన్స్ మోర్" అన్న జనంలో సగంమంది సమాసాలు విప్పుకుని అనలేదు. గ్లోబూ అంతే. పగటి వెలుగులో, పైకప్పు లేని ఆవరణలో, నటుడు మీ ముఖంలోకి చూసి మాట్లాడతాడు. కథ ముందు రోజు తెలుగులో చదువుకుని వెళ్లండి. విషాదాంతం వద్దు, కామెడీకే తీయమనండి. నవ్వు అనువాదం లేకుండా దాటుతుంది.

ఈ థియేటర్ కథే ఒక నాటకం. అసలు గ్లోబ్ 1599లో కట్టారు. 1613 జూన్ 29న నాటకంలో ఫిరంగి పేల్చితే నిప్పురవ్వ గడ్డి కప్పు మీద పడి మొత్తం కాలిపోయింది. ఒకడి నిక్కరుకు నిప్పంటుకుంటే చేతిలో ఉన్న బీరు పోసి ఆర్పుకున్నాడని ఆ కాలపు ఉత్తరంలో రాశారు. ఇప్పుడున్నది సామ్ వానమేకర్ అనే అమెరికన్ నటుడి మొండితనం. 1949లో షేక్‌స్పియర్ థియేటర్ చూద్దామని ఆయన వస్తే ఒక ఫలకం తప్ప ఏమీ కనపడలేదు. దాన్ని తిరిగి కట్టాలని జీవితమంతా తిరిగాడు. 1993లో పోయాడు, థియేటర్ 1997లో తెరిచారు. 1666లో లండన్ నగరం తగలబడ్డాక నడిబొడ్డున గడ్డి కప్పు వేయనిచ్చిన మొదటి కట్టడం ఇదే.

ఇక్కడా నిలబడేవాళ్లదే రాజ్యం. వేదికకు ఆనుకుని ఉన్న ఆవరణలో 700 మంది నిలబడతారు, టికెట్ 5 పౌండ్ల నుంచి ఉంటుంది. రెండున్నర, మూడు గంటలు నిలబడాలి, మధ్యలో కింద కూర్చోనివ్వరు. గొడుగు తెరవనివ్వరు, ప్లాస్టిక్ రెయిన్‌కోటు తీసుకెళ్లండి. 2012లో ఇక్కడ 37 నాటకాలను 37 భాషల్లో వేయించారు. హిందీ ఉంది, గుజరాతీ ఉంది, బెంగాలీ ఉంది, ఉర్దూ ఉంది. మన తెలుగు లేదు. ఆ కోపం నాకింకా ఉంది. మీ ఊరి వాళ్లెవరైనా పూనుకుంటే నేను ముందు వరసలో నిలబడతాను.

*పోయినేడు మీ మాట విని అన్నిటికీ ముందే బుక్ చేసుకున్నాం. వారంలో ఐదు టికెట్లు. మామగారికి జెట్ లాగ్, ఒక రోజు వాన, ఒక రోజు రైళ్ల సమ్మె. మూడు టికెట్లు నీళ్లపాలు. ఈసారైనా జాగ్రత్తగా రాయండి.* (ఒక పాఠకురాలు, క్రాయిడన్)

తిట్టండి, తప్పు నాదే. "ముందే బుక్ చేసుకోండి" అని రాశాను గానీ "అన్నీ చేసుకోకండి" అని రాయలేదు. ఇండియా నుంచి వచ్చిన మొదటి వారం ఏదీ వద్దు. ఆ తర్వాత వారానికి ఒక్క టికెట్టే కొనండి, మిగతావి ఉచితమైనవిగా చూసుకోండి. ఆరుబయట నాటకానికి వాన సంగతి ముందే చదవండి. రీజెంట్స్ పార్కులో 1932 నుంచి ఓపెన్ ఎయిర్ థియేటర్ ఉంది, చెట్ల మధ్య చాలా బాగుంటుంది. కానీ వాన పడి ఆట ఆగిపోతే డబ్బు వెనక్కి రాదు, మరో రోజుకు మార్చిస్తారు. పదిహేను రోజులకు వచ్చినవాళ్లకు ఆ మరో రోజు ఉండదు కదా. అలాంటివాటికి ఆ రోజు ఆకాశం చూసి కొనడమే మేలు.

ఇంకోటి. టికెట్లు ఆ హాలు సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. నేనొకసారి గూగుల్‌లో పైన కనిపించిన ఏదో సైట్లో తొందరపడి రెండు టికెట్లకు మూడింతల ధర కట్టాను. మావారికి ఇప్పటికీ చెప్పలేదు. ఈ పత్రిక ఆయన చదవరు.

*మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్ చదివింది. లండన్‌లో రాయల్ అకాడమీ సమ్మర్ ఎగ్జిబిషన్‌కు ఎవరైనా బొమ్మ పంపొచ్చని విన్నాం. నిజమేనా? విజయవాడ నుంచి పంపొచ్చా?* (ఒక పాఠకుడు)

నిజమే. 1769లో మొదటిసారి 136 కృతులతో పెట్టారు, అప్పటి నుంచి ఒక్క ఏడాదీ ఆపలేదు. రెండు యుద్ధాలప్పుడూ ఆపలేదు, కోవిడ్ ఏడాది వేసవిలో కుదరకపోతే శీతకాలంలో పెట్టారు. ఎవరైనా పంపొచ్చు, ఏ దేశం వాళ్లైనా. ఒకరు రెండు కృతుల దాకా పంపొచ్చు, ఒక్కోదానికి ఫీజు ఉంటుంది. మొదటి వడపోత ఫొటోలు చూసే చేస్తారు. అందులో నెగ్గితే అసలు బొమ్మను లండన్ చేర్చాలి, ఆ ఖర్చు మీదే. చేర్చాక కూడా గోడ మీదికి ఎక్కుతుందన్న హామీ లేదు. అందుకని పెద్ద కాన్వాసు వద్దు. చిన్న ఎచింగో లినోకట్టో, అంటే అచ్చు తీసే బొమ్మ, పంపమనండి. బరువు తక్కువ, పైగా ప్రింట్లు ఒకటికి నాలుగు అమ్ముడుపోతాయి. గడువు శీతకాలంలోనే అయిపోతుంది కాబట్టి వచ్చే ఏడాదికి ఇప్పట్నుంచే చూసుకోండి.

చూసేవాళ్లకు కూడా ఇది నాకు ఎంతో ఇష్టమైన ప్రదర్శన. పికాడిలీలో బర్లింగ్టన్ హౌస్, సాధారణంగా జూన్ నుంచి ఆగస్టు దాకా. వెయ్యికి పైగా బొమ్మలు, నేల నుంచి పైకప్పు దాకా పెళ్లి విడిదిలో చుట్టాల్లా ఇరుక్కుని ఉంటాయి. పేరున్న చిత్రకారుడి పక్కనే ఊరూ పేరూ తెలియని డ్రాయింగ్ టీచరు. సగం నాకు నచ్చవు. నచ్చనివాటి గురించి పక్కవాళ్లతో గొణుక్కోవడమే సగం సరదా. ఎర్ర చుక్క అంటించి ఉంటే అమ్ముడైందని అర్థం.

ఎర్ర చుక్కంటే టర్నర్ అనే పాతకాలపు చిత్రకారుడు గుర్తొస్తాడు. 1832 ప్రదర్శనలో కాన్‌స్టేబుల్ అనే మరో చిత్రకారుడు ఏళ్ల తరబడి వేసిన వాటర్లూ బ్రిడ్జి బొమ్మ, ఎరుపూ బంగారమూ మెరిసిపోతూ, టర్నర్ వేసిన బూడిదరంగు సముద్రం పక్కన పడింది. చివరి మెరుగులు దిద్దే రోజున టర్నర్ వచ్చి, రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూసి, తన సముద్రం మీద ఎర్రటి చుక్క ఒకటి పెట్టి వెళ్లిపోయాడు. అందరి కళ్లూ దాని మీదే. కాన్‌స్టేబుల్ గుండెలో తుపాకి పేలినట్టయింది. తర్వాత టర్నర్ ఆ చుక్కను తీరిగ్గా నీళ్లలో తేలే బోయాగా మార్చాడు. తోడికోడళ్ల మధ్య కూడా ఇంత సొగసైన దెబ్బ చూడలేదు నేను.

ఎగ్జిబిషన్‌కు టికెట్ ఉంది. కానీ అదే భవనంలో మైఖెలాంజెలో చెక్కిన గుండ్రటి పాలరాతి పలక ఉంది, అది చూడటానికి పైసా అక్కర్లేదు. లోపలికెళ్లి అడగండి.

*నాటింగ్ హిల్ కార్నివాల్‌కు చిన్నపిల్లలను తీసుకెళ్లొచ్చా?* (ఒక పాఠకురాలు, హౌన్‌స్లో)

తీసుకెళ్లొచ్చు, ఆదివారం మాత్రమే, మధ్యాహ్నం మూడు దాటేలోపు తిరిగొచ్చేలా. ఆగస్టు చివరి సోమవారం, దాని ముందు ఆదివారం జరుగుతుంది. ఆదివారం పిల్లల కోసం. సోమవారం లక్షల జనం, గుండెలదిరే స్పీకర్లు. చెవులకు పిల్లల హెడ్‌ఫోన్లు పెట్టండి. బాత్‌రూమ్ సంగతి ఇంటి దగ్గరే ముగించుకుని వెళ్లండి.

అది కేవలం రంగురంగుల ఊరేగింపు కాదని పిల్లలకు చెప్పండి. 1958లో నాటింగ్ హిల్‌లో కరీబియన్ కుటుంబాల మీద తెల్లవాళ్ల గుంపులు దాడులు చేశాయి. ఆ గాయం మానాలని ట్రినిడాడ్‌లో పుట్టిన పత్రికా సంపాదకురాలు క్లాడియా జోన్స్ 1959 జనవరిలో, చలికాలం కాబట్టి సెయింట్ పాంక్రస్ టౌన్ హాల్ లోపలే ఒక కార్నివాల్ పెట్టింది. వీధిలోకి వచ్చింది 1966లో. స్టీల్ పాన్ మోగితే ఆగి వినండి. నూనె డ్రమ్ముల మూతల్ని సుత్తితో కొట్టి, ఒక్కో గుంటలో ఒక్కో స్వరం పలికించిన వాయిద్యం అది.

*మీరు ప్రతిదానికీ నిలబడండి, నిలబడండి అంటారు. మా అమ్మకు 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులు. పది నిమిషాలు కూడా నిలబడలేదు. మాలాంటివాళ్లు ఏం చేయాలి?* (ఒక పాఠకురాలు, హారో)

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. నిజమే, నా మోకాళ్లు బాగున్నాయి కాబట్టి అలా రాస్తున్నాను.

గ్లోబ్‌లో చుట్టూ మూడంతస్తుల్లో బల్లలున్నాయి. చెక్క బల్లలు, దిండు అద్దెకు తీసుకోండి, వీపుకు ఆనుకునేది ఉండాలంటే వెనక వరస అడగండి. ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కన సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ చర్చిలో కొన్ని రోజులు మధ్యాహ్నం ఒంటిగంటకు చిన్న కచేరీ ఉంటుంది. కూర్చునే వినొచ్చు, గంటలోపు అయిపోతుంది. థేమ్స్ ఒడ్డున రాయల్ ఫెస్టివల్ హాల్ 1951లో కట్టింది. దాని లోపలి పెద్ద హాళ్లలో టికెట్ లేకుండా ఎవరైనా కూర్చోవచ్చు, లిఫ్టు ఉంది, మంచి బాత్‌రూమ్‌లున్నాయి, ఏదో ఒక పాటో ఆటో ఉచితంగా జరుగుతూనే ఉంటుంది. పులిహోర డబ్బా విప్పినా ఎవరూ ఏమీ అనలేదు, నేను చూశాను. ఎండ మరీ ఎక్కువగా ఉన్న రోజు మాత్రం సెంట్రల్ లైన్ రైలు ఎక్కించకండి. అందులో ఏసీ లేదు. 2022 జులైలో ఇక్కడ 40 డిగ్రీలు దాటింది, గుంటూరులో పుట్టిన నాకే కళ్లు తిరిగాయి.

బ్రిటిష్ మ్యూజియంలో చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు, ముందుగా అడిగి పెట్టుకోండి. మా అత్తగారు 78 ఏళ్లప్పుడు వచ్చారు. శుక్రవారం సాయంత్రం ఆ కుర్చీలోనే తోసుకుంటూ 33ఏ గదికి తీసుకెళ్లాను. స్తూపం, బుద్ధుడు, నేను చెప్పిన చరిత్ర, ఏదీ ఆవిడ వినలేదు. ఒక పలక మీద వరసగా నిలబడ్డ ఆడవాళ్ల కాళ్ల దగ్గర కుర్చీ ఆపమన్నారు. "ఈ కడియాలు మా అమ్మమ్మకుండేవే. బరువెక్కువ, పడుకునేటప్పుడు తీసేసేది" అన్నారు. ముప్పావుగంట అక్కడే. నేను కదలదీయబోతే ఒప్పుకోలేదు. గది కాపలా ఆయన దగ్గరికి రాగానే, నన్ను అడగకుండా నేరుగా ఆయన్నే, తెలుగులోనే అడిగారు: "బాబూ, ఎన్నింటికి మూస్తారు?" ఆయన ఒక్క క్షణం చూసి, ముందు ఎనిమిది వేళ్లు చూపించి, తర్వాత ఒక వేలిని అడ్డంగా పెట్టి సగానికి కోసినట్టు చూపించాడు. అత్తగారు తలూపి, మళ్లీ కడియాల వైపు తిరిగారు.